త్రాసక్క తప్పు

పొద్దున పది కొట్టే వేళకి త్రాసక్క కుప్పలో మూడోవంతు తేల్చేసింది. గోడవారగా గోనెసంచి నాలుగు మడతలు వేసుకుని కూర్చుని, కుడివైపు నుంచి ఒక రాయి తీసుకోవడం, రెండు అరచేతుల్లో పెట్టుకుని కాస్త ఎగరేసినట్టు చేసి పట్టుకోవడం, పెన్సిలంత ఇనుపచువ్వతో ఒక్కసారి తట్టడం, సుద్దముక్కతో గుర్తు పెట్టి ఎడమవైపుకు దొర్లించడం. సున్నా చుడితే బోలు. ఇంటూ కొడితే గట్టి. ఒక్కో రాయికి ఆవలింతంత సేపు కూడా పట్టదు.

పైకి చూస్తే రాళ్ళన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. గుండ్రటి ఒళ్ళు, మట్టిరంగు, కాలీఫ్లవర్ మీద ఉన్నట్టు బుడిపెలు. దారిలో కనిపిస్తే కాలితో తన్నుకుంటూ పోతామే తప్ప వంగి తీసుకోం. కానీ వాటిల్లో కొన్నిటికి కడుపులో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ చుట్టూ ఊదారంగువో తెల్లవో స్ఫటికాలు పళ్ళ వరసల్లా మొలిచి ఉంటాయి. అలాంటివి కోత మిషను దగ్గరికి పోతాయి, రెండు చెక్కలై, మెరుగు పెట్టించుకుని పెద్దవాళ్ళ ఇళ్ళలో అద్దాల బీరువాలెక్కుతాయి. గట్టివి కంకర మిల్లుకి పోయి రోడ్డు కిందికి చేరతాయి. ఏది ఎక్కడికి పోవాలో చెప్పేది త్రాసక్క చేతులు. చదువుకున్నవాళ్ళు బోలురాయిని జియోడ్ అంటారని ఆమెకు తెలుసు కానీ, ఆ మాట అనాలంటే నాలుక ఇబ్బంది పడుతుందని వదిలేసింది.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. ముప్ఫై నాలుగేళ్ళుగా షెడ్డులో అందరికీ ఆమె త్రాసక్కే. చేతిలో పెడితే చాలు, రాయి తన సైజుకి తగినంత బరువుందో లేదో చెప్పేస్తుంది. ఉండాల్సినంత లేకపోతే ఆ లోటంతా ఖాళీ అన్నమాట. త్రాసు అబద్ధమాడితే ఆడుతుందేమో గానీ అక్క చెయ్యి ఆడదని అక్కడివాళ్ళ నమ్మకం.

ఈ రోజు మాత్రం ఆమె కుప్ప వంక చూసినన్ని సార్లు తన గుడ్డసంచి వంకా చూసింది. మధ్యాహ్నం డబ్బా కింద, పాత తువ్వాలులో చుట్టి, ఇంటి నుంచి తెచ్చిన రాయి ఒకటి ఉంది. కొబ్బరికాయ కన్నా కాస్త పెద్దది. దాని నెత్తి మీద వెలిసిపోయిన ఎర్రరంగుతో ఇంటూ గుర్తు. అది పెట్టింది ఆమే, ఈ షెడ్డులో చేరిన కొత్తల్లో, సుద్దలు రాక ముందు, రంగు డబ్బాలో కుంచె ముంచి గుర్తులు పెట్టే రోజుల్లో.

పొద్దున ఆమె టీ గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళినప్పుడు మొదలైంది ఈ గొడవ. మంచం మీద ఉన్నది ఆమె మొగుడు, ఒకప్పటి కోతమేస్త్రి. మూడు దిండ్లు ఆనుకుని కూర్చునే పడుకుంటాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ఇవాళ ముప్ఫై ఒకటో తేదీ, బేసి రోజు కాబట్టి టీ పెట్టే వంతు అతనిది. ఆర్నెల్లుగా కాళ్ళు నిలవడం లేదు కనుక ఆమే నీళ్ళు మరిగించి, గిన్నె మంచం దగ్గరికి తెచ్చి పట్టుకుంటుంది. అతను డబ్బాలోంచి చిటికెడు టీపొడి తీసి అందులో వేస్తాడు. దాంతో టీ తనే పెట్టినట్టు లెక్క. మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఆమె రోజూ అంటుంది, రోజూ గిన్నె తెస్తుంది.

"ఇవాళా నాదే, రేపూ నాదే. ఈ ముప్ఫై ఒకటి ఎవడు కనిపెట్టాడో," అన్నాడు టీపొడి వేస్తూ. నెలలో ముప్ఫై ఒకటి ఉంటే, మర్నాడు ఒకటో తేదీ కూడా బేసే కాబట్టి వరసగా రెండు రోజులు అతనికే పడతాయి. ఏడాదికి ఏడుసార్లు ఇదే గొణుగుడు. ఆమె నవ్వబోయింది. అంతలో అతను తలుపు దగ్గర అడ్డంగా పెట్టిన రాయి వైపు గడ్డంతో చూపించాడు.

"దాన్ని ఇవాళ తీసుకెళ్ళి కోయించుకు రా. ఎవరు గెలిచారో చూసి పోతాను."

వీధి చివరికి వెళ్ళొస్తాను అన్నట్టే అన్నాడు. "ఎక్కడికయ్యా పోయేది, చెప్పులు తొడుక్కోవడానికే గంట పడుతుంది నీకు," అని ఆమె వెక్కిరించింది కానీ, గిన్నె అంచు మీంచి రెండు చుక్కలు ఆమె పాదం మీద పడ్డాయి. అతను తొందరపడే మనిషి కాదు. ముప్ఫై మూడేళ్ళుగా ఎప్పుడూ లేనిది, ఆ రాయి విషయంలో ఇవాళ అనే మాట వాడాడు. ఆ మాట ఆమెకు చెప్పాల్సింది చెప్పేసింది.

పందెం కథ షెడ్డులో పాతవాళ్ళందరికీ తెలుసు. ఆమె చేరిన మూడో వారం. గట్టివాటి గుట్టలోంచి కోతమేస్త్రి ఒక రాయి ఏరుకొచ్చి ఆమె ముందు పెట్టి, ఇది బోలు, తప్పు గుర్తు పెట్టావు అన్నాడు. ఆమె దాన్ని మళ్ళీ ఎత్తి చూసింది, తట్టింది, గట్టిదే అంది. కాదన్నాడు. ఔనంది. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి బతికినన్నాళ్ళూ టీ పెట్టాలని పందెం పడింది. పెళ్ళీ పెటాకులూ లేకుండా బతికినన్నాళ్ళూ టీ ఎలా పెడతారని పక్కన రాళ్ళు మోస్తున్నావిడ అడిగే దాకా ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు. తట్టిన తర్వాత ఆమె ముఖం ఎర్రబడింది, అతను మిషను వైపు వెళ్ళిపోయాడు. రాయి అతని డబ్బా సంచిలో ఇంటికి పోయి, ఏడాది తిరిగేసరికి ఆమెతో పాటు కొత్త కాపురానికొచ్చింది.

నిజానికి ఆ రోజు అతనికి ఆ రాయి గురించి ఏమీ తెలియదు. నీతో మాట్లాడటానికి ఏదో ఒకటి కావాలి కదా అని పెళ్ళయిన వారానికే ఒప్పుకున్నాడు. కోసేద్దామని ఒకరంటే, కోస్తే పందెం అయిపోతుందని రెండోవాళ్ళు ఆపేవారు. తేలే దాకా వంతులేసుకుందాం అనుకున్నారు. సరి తేదీలు ఆమెవి, బేసి తేదీలు అతనివి. కూతురు పుట్టి, పెరిగి, నర్సై పక్క ఊళ్ళో ఉద్యోగంలో చేరింది. ఇప్పటికీ ఫోను చేస్తే అమ్మా నాన్నా ఎలా ఉన్నారు అని కాదు, ఇవాళ టీ ఎవరిది అని అడుగుతుంది. వచ్చే ఆదివారం వస్తానంది.

ఇక మిగిలింది, షెడ్డులో ఎవరికీ తెలియనిది. ఆ రాయి బోలు. త్రాసక్కకి తెలుసు.

పెళ్ళయిన పదో నెలలో ఇల్లు మారారు. తోపుడుబండి నిండిపోతే ఆమె రాయిని భుజాన పెట్టుకుని మెట్లెక్కింది. సగం మెట్ల మీద బరువుగా ఉందని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. రాయి చెవి పక్కగా దొర్లింది. లోపల గుళుక్ మంది. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. ఒళ్ళో పెట్టుకుని మెల్లగా తిప్పింది. మళ్ళీ గుళుక్. గోడ మందంగా ఉండి, లోపలి ఖాళీ చిన్నదై, ఆ ఖాళీ నిండా నీళ్ళుండి, ఒక్క గాలిబుడగకు మాత్రం చోటున్న రాయి అది. నీళ్ళు ఉన్నాయి కనుక బరువు అంతగా తగ్గలేదు, తడితే మోగలేదు. నిండుకుండ తొణకదంటారు. నిండురాయి కూడా తొణకదు, చెవి దగ్గర పెట్టుకుని ఓపిగ్గా తిప్పితే తప్ప. వేలకి ఒకటి అలాంటిది దొరికితే దొరుకుతుంది. దాన్ని ఏ చెయ్యైనా గట్టిదనే అంటుంది. అయినా తప్పు తప్పే.

చెప్పేసి ఉంటే అరగంట నవ్వులతో పోయేది. కానీ సరిగ్గా ఆ వారమే పెద్దాయన, అంటే ఇప్పటి యజమాని తండ్రి, అందరి ముందూ ఆమె రాళ్ళని నీళ్ళ బకెట్టులో ముంచి సరిచూడటం మానేయమన్నాడు. ఆమె గుర్తు పడితే ఇంకో పరీక్ష అక్కర్లేదన్నాడు. చిన్నప్పుడు ఏది పట్టుకున్నా జారవిడిచేదని పుట్టింట్లో ఆమెను చిల్లుచేతుల పిల్ల అనేవారు. గిన్నె తోమమంటే పక్కన మనిషిని కాపలా పెట్టేవారు. అలాంటి చేతులకి జీవితంలో మొదటిసారి ఒక మర్యాద దక్కింది. దాన్ని వారం తిరక్కుండా పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. మొగుడికి చెబితే షెడ్డంతా చాటింపు వేస్తాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు ముప్ఫై రెండేళ్ళు దాటింది. బేసి రోజున అతను టీ గ్లాసు అందించిన ప్రతిసారీ, ఇది నాకు రావలసింది కాదు కదా అని ఒక ముల్లు కదిలేది. కక్కలేక మింగలేక టీతో పాటే మింగేసేది.

పదకొండింటికి కాలేజీ మేడమ్ ఏటా వచ్చినట్టే పదిమంది విద్యార్థుల్ని వెంటేసుకుని వచ్చింది. చిన్న యజమాని వాళ్ళను లోపలికి తీసుకొచ్చి వదిలి, ఫోను మోగుతుంటే బయటికి వెళ్ళాడు. మేడమ్ కరిగిన రాయి గురించి, అందులో చిక్కుకుపోయిన ఆవిరి బుడగల గురించి, లక్షల ఏళ్ళ గురించి చెప్పింది. పిల్లలు రాసుకున్నారు, ఇద్దరు ఆవలించారు. అప్పుడామె ప్రతి ఏడూ చేసే పనే చేసింది. త్రాసక్క పక్కన గోనె మీద కూర్చుని, మీరు చెప్పండి అక్కగారూ, మీరు చెబితేనే వీళ్ళకి ఎక్కుతుంది అంది.

త్రాసక్క పగిలిన చెక్క ఒకటి తీసి వాళ్ళకి చూపించింది.

"ముందు రాయి లేదమ్మా. ముందున్నది ఖాళీ. నల్లరాయి సలసలా కాగి చల్లారేటప్పుడు లోపల బుడగలు ఉండిపోయాయి. దోసె మీద చిల్లులు పడవూ, అలా. ఆ చిల్లులోకి నీళ్ళు ఊరాయి. ఉత్త నీళ్ళు కాదు, రాయి కరిగిన నీళ్ళు. ఊరి, ఆరి, గోడకి ఒక పొర అంటించి పోయాయి. మళ్ళీ ఊరాయి, మళ్ళీ ఒక పొర. మన ఇంట్లో బిందె అడుగున తెల్లగా కట్టదూ? అదే ఇది. బయట నుంచి లోపలికి పెరుగుతుంది. తొందరపడి నిండిపోయిందా, గట్టిరాయి. నిండకుండా ఆగిందా, ఆ మిగిలిన చోట్లో స్ఫటికాలు నిదానంగా మొలుస్తాయి. చుట్టూ ఉన్న నల్లరాయి అరిగి మట్టైపోయినా ఇది అరగదు, విడిగా రాలి పడుతుంది. మేము ఏరుకొస్తాం."

ఆవలించినవాళ్ళు కూడా దగ్గరికి జరిగారు. ఎలా పోల్చుకోవాలో చూపించింది. గుండ్రంగా ఉండాలి, బుడిపెలుండాలి, సైజుకి తేలిగ్గా ఉండాలి. తడితే గట్టిది టక్కుమంటుంది, బోలుది కాస్త మోగుతుంది. ఒక్కొక్కరి చేతిలో రెండేసి రాళ్ళు పెట్టి చెప్పమంది. సగానికి పైగా తప్పు చెప్పారు. నవ్వుకున్నారు. కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి ఒకతె వెళ్ళబోతూ ఆగి, మీకెప్పుడైనా తప్పు పోయిందా అండీ అని అడిగింది.

ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. లేదమ్మా అనేసి ఊరుకోవడం ఆమెకు అలవాటే. ఇవాళ నోరు తెరిచింది కానీ ఆ మాట రాలేదు. ఈలోగా మిషను దగ్గర నుంచి చిన్నమేస్త్రి అందుకున్నాడు. "మా అక్క తప్పు చెప్పడమా? ఆ రాయి ఇంకా పుట్టలేదు తల్లీ." అందరూ మళ్ళీ నవ్వారు. త్రాసక్క సంచి మూతి దగ్గరికి లాగి ముడేసింది.

చిన్నమేస్త్రికి నలభై ఆరేళ్ళు, తల సగం నెరిసింది. ఆమె మొగుడి దగ్గర పని నేర్చుకున్నవాడు. పెద్దమేస్త్రి ఉన్నంతకాలం తను చిన్నమేస్త్రినే అంటాడు, ఎవరైనా ఉత్త మేస్త్రీ అని పిలిస్తే వినపడనట్టు ఊరుకుంటాడు. మధ్యాహ్నం డబ్బాలు తిన్నాక ఆమె రాయి తీసి అతనికిచ్చింది. ఏ రాయో అతనికి చెప్పక్కర్లేదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని కాసేపు చూశాడు. ఎర్ర ఇంటూ మీద బొటనవేలు పెట్టాడు.

"పెద్దమేస్త్రి కోయమన్నాడా?"

ఆమె తలూపింది. అతను ముందున్న ఆర్డరు రాళ్ళు ఆరు కోసి, నాలుగింటికి దీన్ని పెడతానన్నాడు.

నాలుగింటిదాకా ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, మనసు మిషను దగ్గరే ఉంది. పళ్ళెమంత బ్లేడు, దాని అంచున వజ్రపు పొడి, దాని మీద పైపులోంచి ఆగకుండా పడే నీళ్ళు, కింద తొట్టిలో బూడిదరంగు బురద. నీళ్ళు లేకుండా కోస్తే బ్లేడు కాలిపోతుంది, రాయి పొడి గాలిలోకి లేస్తుంది. ఒకప్పుడు రెండు వేసవులు బావి ఎండిపోతే, పని ఆగకూడదని పెద్దాయన పొడిగానే కోయించాడు. మేస్త్రి ముక్కుకి తువ్వాలు చుట్టుకుని కోసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. ముసలాడి వేషం బాగుందని ఆమె ఆట పట్టించేది. ఆ మాటలు ఇప్పుడు తలుచుకుంటే ఆమెకి తన నోరు తనకే చేదనిపిస్తుంది. మూడేళ్ళ కింద డాక్టరు ఫిల్ము దీపానికి పట్టుకుని, ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుని గట్టిపడుతోందమ్మా, ఉన్న ఖాళీ తగ్గుతోంది అన్నాడు. అర్థమయిందా అని రెండుసార్లు అడిగాడు. ఖాళీ ఎలా నిండుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అర్థమయింది బాబూ అని బయటికొచ్చి, మొగుడికి మాత్రం దగ్గు తగ్గడానికి టైము పడుతుందట అని చెప్పింది. అతను సరేలే అన్నాడు.

నాలుగయింది. చిన్నమేస్త్రి రాయిని బిగించాడు. సుద్దతో నడుము చుట్టూ గీత గీశాడు, ఇంటూ చెడిపోకుండా కాస్త పక్కగా. నీళ్ళు వదిలాడు. బ్లేడు మీద నీళ్ళు పడగానే ఆమెకు ఒక సంగతి ఇప్పుడే చూసినట్టు కనిపించింది. బ్లేడు లోపలికి దిగగానే రాయిలో నీళ్ళు పైపు నీళ్ళతో కలిసి బురదలోకి పోతాయి. ఎవరికీ కనపడవు. ఇన్నేళ్ళు కోసిన మేస్త్రికి కూడా తను ఎన్ని నీళ్ళరాళ్ళు కోశాడో తెలియదు. సాయంత్రం రెండు చెక్కలు తీసుకెళ్ళి చూపిస్తే, ఇదిగో ఖాళీ, నువ్వు గెలిచావు అని చెప్పవచ్చు. లోపల నీళ్ళు ఉండేవని, అవి తనకి ముప్ఫై రెండేళ్ళుగా తెలుసని చెప్పక్కర్లేదు. ఆమె తప్పు తొట్టిలోకి కొట్టుకుపోతుంది. దాంతో పాటు ఆ మనిషి గెలిచిన అసలు సంగతి కూడా కొట్టుకుపోతుంది. అతను చచ్చిపోతున్నాడు. అతని దగ్గర కూడా దాచి ఇక ఎవరి కోసం దాచుకుంటుంది?

చిన్నమేస్త్రి మీట మీద చెయ్యి వేశాడు.

"వద్దు. ఆపు," అంది త్రాసక్క.

అతను ఆపాడు. పెద్దమేస్త్రికి ఏం చెబుతావని అడిగాడు. నేనే చెప్పుకుంటాలే అని, తడిసిన రాయిని కొంగుతో తుడిచి తువ్వాలులో చుట్టుకుంది. చిన్న యజమాని దగ్గర గంట ముందు సెలవు అడిగింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఇది మూడోసారో నాలుగోసారో. అతను లేచి నిలబడి మరీ వెళ్ళమన్నాడు.

దారి పొడుగునా ఎండ ఇంకా గోడల మీదే ఉంది. సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మారినప్పుడల్లా ఆమె చెవి అటు పోతోంది. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ, మలుపు దగ్గర కూరగాయల బండిని ఢీకొట్టబోయి తిట్లు తింది. ఇంటి దగ్గర పక్కింటి పిన్ని మంచం పక్కన కూర్చుని బఠాణీలు వలుస్తోంది. మధ్యాహ్నం రెండు ముద్దలు తిన్నాడనీ, నువ్వెప్పుడొస్తావని నాలుగుసార్లు అడిగాడనీ చెప్పి, గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

అతను దిండ్లకు ఆనుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. పొద్దుటి కన్నా చిన్నగా కనిపించాడు. పెదవుల రంగు ఆమెకు నచ్చలేదు.

"కోయించావా?"

"లేదు."

"మిషను చెడిందా?"

"మిషనుకేం, దుక్కలా ఉంది. నేనే వద్దన్నాను." ఆమె రాయి తీసి దిండు మీద అతని చెవి పక్కన పెట్టింది. దాచుకున్న మాట బయటికి రావడానికి దారి వెతుక్కుంది. "నేను ఓడిపోయానయ్యా. ఈ ఇంటికి మారిన రోజే తెలిసింది. మెట్ల మీద. చెప్పలేదు."

అని రాయిని మెల్లగా తిప్పింది. అతను ఉన్న కాస్త ఊపిరినీ బిగబట్టాడు. గదిలో ఇన్నాళ్ళుగా ఆగని గురగుర ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో రాయి గుళుక్ మంది.

అతను ఊపిరి వదిలాడు, దగ్గాడు. దగ్గు సద్దుమణిగే దాకా ఆమె వీపు నిమిరింది. తర్వాత చూస్తే అతని ముఖం మీద నవ్వుంది, ఆశ్చర్యం లేదు.

"అప్పుడూ ఇలాగే వినపడింది," అన్నాడు.

"ఎప్పుడు?"

"పాప పాకే రోజుల్లో. మీద పడేసుకుంటుందేమోనని అటక మీద పెడుతుంటే."

పాపకి ఇప్పుడు ముప్ఫై రెండేళ్ళు. కోపం వచ్చింది, అది ఎక్కడ మొదలై ఎవరి మీదికి పోవాలో తెలియలేదు. ఏడుపు వచ్చింది, దాన్ని పక్కకు నెట్టి నవ్వొచ్చింది. మరి ఇన్నేళ్ళూ టీ ఎందుకు పెట్టావయ్యా అని మాత్రం అడగగలిగింది. అతను మాట మాటకీ ఆగుతూ చెప్పాడు.

"నేను చెప్పి గెలిస్తే దొంగని పట్టుకున్నట్టు ఉంటుంది. నువ్వు చెబితే గెలుపులా ఉంటుంది. చెబుతావని చూశాను. చెప్పే దాకా బేసి రోజులు నావే కదా."

"నీళ్ళున్నాయని తెలిసీ కోయమన్నావు?"

"నువ్వు కోయనివ్వవని కూడా తెలుసు."

ఆమె అతని భుజం మీద ఒక్కటి వేసింది, దూది మీద వేసినంత మెల్లగా. అతను చెయ్యి చాపాడు. సుద్ద కావాలన్నాడు. ఆమె బొడ్లోంచి సుద్దముక్క తీసి ఇచ్చింది. ఎర్ర ఇంటూ చెరపనివ్వలేదు, అది ఉండాలన్నాడు. దాని చుట్టూ సున్నా చుట్టడం మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి పట్టుకోబోతే వద్దని కళ్ళతోనే చెప్పాడు. బుడిపెల మీద ఎక్కుతూ దిగుతూ గీత ముప్పావు చుట్టు దాటి, ఇంకొంచెం వచ్చి ఆగింది. అలిసిపోయాడు.

"మిగతాది టీ తాగాక," అన్నాడు. "ఓడినవాళ్ళు పెట్టాలి. రేపు ఒకటో తారీఖు కూడా నాది కాదిక."

ఆమె వంటగదిలోకి వెళ్ళింది. గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి వెలిగించింది. నీళ్ళు మరిగాక అలవాటుగా గిన్నె పట్టుకుని బయల్దేరబోయి, గుర్తొచ్చి, టీపొడి తనే వేసింది. ఈసారి రెండు చిటికెలు వేసింది, గెలిచినవాడికి కాస్త చిక్కగా ఉండాలని. అక్కడి నుంచే మాట్లాడుతూ ఉంది. ఆదివారం పాప వస్తే ఈ సంగతి ఎలా చెప్పాలో, అది ఎంత గోల చేస్తుందో, చిన్నమేస్త్రికి చెబితే నమ్ముతాడో లేదో అని. అతను పలకలేదు. ఊపిరి దాచుకుంటున్నాడనుకుంది. పాలు పొంగనిచ్చి, వడపోసి, రెండు గ్లాసుల్లో పోసి తెచ్చింది.

అతని తల పక్కకు వాలి, చెవి రాయికి ఆని ఉంది. వింటున్నట్టే ఉన్నాడు. సుద్ద పట్టుకున్న చెయ్యి దుప్పటి మీద ఉంది. ఆమె గ్లాసులు స్టూలు మీద పెట్టి, ఆ చేతిని తన రెండు అరచేతుల్లోకి తీసుకుని కొంచెం ఎత్తింది. ఇక తట్టి చూడాల్సిన పని లేకపోయింది. ఆ చెయ్యి బరువు ఎప్పుడెంతో ఆమెకు తెలుసు.

కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత తన గ్లాసు తీసుకుని, వేడి తగ్గక ముందే, అతని పక్కన మంచం పట్టీ మీద కూర్చుని తాగింది. టీ బాగా కుదిరింది. అది చెప్పడానికి మనిషి లేడని అప్పుడు ఏడ్చింది. ఆ తర్వాతే పిన్నిని పిలిచింది.

పిన్ని వచ్చింది, కూతురికి ఫోను వెళ్ళింది, చీకటి పడక ముందే చిన్నమేస్త్రి పరుగున వచ్చాడు. జనానికి చోటు కావాలని సామాన్లు జరుపుతూ రాయిని తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. దాని మీది గీత చూశాడు. కింద పడిన సుద్దముక్క ఏరి, మిగతాది కలిపేయనా అక్కా అని మెల్లగా అడిగాడు.

వద్దు మేస్త్రీ అంది ఆమె. ఆ పిలుపుకి అతను ఈసారి పలికాడు. సుద్దముక్క రాయి పక్కనే పెట్టి బయటికి వెళ్ళాడు.

కిటికీ గట్టు మీద రాయి, దాని నెత్తిన వెలిసిన ఎర్ర ఇంటూ, ఇంటూ చుట్టూ వంకర్లు పోయిన తెల్లటి సున్నా, ఆ సున్నాకి ఒక పక్క వేలెడంత సందు.